గండికోటకు వెళ్లేవాళ్లకు నీటిమట్టం కూడా చెప్పండి

సంపాదకుల వారికి నమస్కారం.

కార్తీక మాసం నుంచి సంక్రాంతి సెలవుల దాకా గండికోట ఫొటో లేని ఆదివారం అనుబంధం అరుదు. విజయవాడ, గుంటూరు నుంచి మూడు వందల కిలోమీటర్లు దాటిన దూరమైనా శుక్రవారం రాత్రి కార్లెక్కి, నరసరావుపేట, వినుకొండ, గిద్దలూరు మీదుగా నల్లమల ఘాట్ దిగి, తెల్లారేసరికి పెన్నా లోయ అంచున నిలబడే కుర్రాళ్లు ఇప్పుడు చాలామంది. పగలు ఈత, బండలెక్కడం, రాత్రికి టెంటు. వద్దని చెప్పడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. తప్పకుండా వెళ్లాలి, పిల్లల్నీ తీసుకెళ్లాలి. ఈతా, కొండెక్కడమూ నేర్పే మా బృందం మిమ్మల్ని అడిగేది ఒకటే. ఆ ఫొటో పక్కన నాలుగు అంగుళాల జాగాలో, అక్కడి నీళ్లు ఎంత ఉన్నాయో, దిగినవాళ్లు తిరిగి ఎలా పైకి రావాలో కూడా వేయండి.

కృష్ణ విషయంలో మీ పత్రిక ఈ పని ఏళ్లుగా చేస్తోంది. శ్రీశైలం, సాగర్, పులిచింతల, ప్రకాశం బ్యారేజీ అంటూ ఇన్‌ఫ్లో, అవుట్‌ఫ్లో రోజూ వేస్తారు. బ్యారేజీ దగ్గర 3.97 లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక, 5.69 లక్షలు దాటితే రెండోదని కృష్ణలంకలో బడికెళ్లే పిల్లలకు కూడా తెలుసు. 2024 సెప్టెంబరు మొదట్లో 11 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చినప్పుడు ఆ అంకె చూసే జనం సామాన్లు సర్దుకున్నారు. అదే మనిషి గండికోట వెళ్లేటప్పుడు ఏ అంకే చూడడు. చూద్దామన్నా ఈ జిల్లాల ఎడిషన్లలో కనిపించదు.

అక్కడి నీళ్ల సంగతి కొంచెం తెలిస్తే ఈ అంకె ఎందుకు అవసరమో అర్థమవుతుంది. కోట కింద సుమారు 300 అడుగుల లోతున కనిపించేది కేవలం పారే ఏరు కాదు. ఎగువన 26.85 టీఎంసీల గండికోట జలాశయం ఉంది, దిగువన మైలవరం జలాశయం ఉంది (మన ఎన్టీఆర్ జిల్లా మైలవరం కాదు, జమ్మలమడుగు పక్కది). ఎగువ జలాశయానికి శ్రీశైలం నుంచి అవుకు మీదుగా కృష్ణా నీళ్లు కూడా వస్తాయి. అంటే లోయలో నీరు పెరగడానికి కడపలో వాన పడనక్కర్లేదు, పై నుంచి వదిలితే చాలు. కిందనుంచి సాగుకు తోడుకుంటే తగ్గిపోతుంది. తగ్గినప్పుడు ఇంకో చిక్కు. నిన్నటిదాకా నీళ్లలో మునిగి ఉన్న రాయి మీద పాచి పట్టి ఉంటుంది, తడి ఆరని ఆ పట్టీ మీద మంచి బూటు కూడా నిలవదు. పోయిన నెల వీడియోలో ఎవరో దూకిన చోట ఈ నెల బండ రెండడుగుల కిందే ఉండొచ్చు. మనవాళ్లు మాత్రం ఆ పాత వీడియో చూసే చోటు ఎంచుకుంటారు.

వాన లెక్క కూడా మనకీ వాళ్లకీ వేరు. మనకు కృష్ణ జులై నుంచి సెప్టెంబరు మధ్యలో పొంగుతుంది కాబట్టి దసరా దాటితే భయం లేదని మనసులో ఉంటుంది. కడప వైపు అక్టోబరు, నవంబరు వాయుగుండాలే గట్టివి. 2021 నవంబరు 19న చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట కొట్టుకుపోయింది సరిగ్గా మన విహారయాత్రల కాలంలోనే. పెన్నా పుట్టింది కర్ణాటకలో నంది కొండల దగ్గర. అనంతపురం దాటి వస్తుంది. నెత్తిన ఎండ కాస్తున్నా ఎగువ వాన రెండో రోజుకు లోయలోకి చేరవచ్చు. నీళ్లు ఉన్నట్టుండి ఎర్రబారితే, పుల్లలూ ఆకులూ తేలుతూ వస్తే, ఒడ్డున పెట్టిన గుర్తు రాయి తడిసిపోతే వెంటనే సామాను వదిలేసి పైకెక్కాలి. గుర్తు రాయి పెట్టడం పెద్ద పనేం కాదు. దిగగానే నీటి అంచున ఒక తెల్ల రాయి పెట్టి, పావుగంటకోసారి దాని వంక చూసే పని ఒకరికి అప్పగించాలి.

ఇక ఈత. విజయవాడలో చాలామంది ఈత నేర్చింది బందరు కాలువలోనో, ఏలూరు కాలువలోనో, రైవస్ కాలువలోనో. గుంటూరు వైపు కొమ్మమూరు కాలువలో. కాలువకు గట్టు ఏటవాలుగా ఉంటుంది, ఫర్లాంగుకో రేవు ఉంటుంది, అలసిపోతే నీరే తోసుకుపోయి తర్వాతి రేవులో పడేస్తుంది. లోయలో రెండు పక్కలా నిట్టనిలువు గోడ. మూడు నాలుగు చోట్ల మాత్రమే మనిషి చేత్తో పట్టుకుని పైకి రాగల మెట్టు లాంటి బండ ఉంటుంది. నీళ్లలో అలసిన మనిషి, తడి చేతులతో, కింద కాలికి ఆధారం లేకుండా, నీటి మట్టానికి రెండడుగుల ఎత్తున్న బండ మీదికి తనను తాను లాక్కోలేడు. ఈత బాగా వచ్చినవాళ్లు కూడా గోడ పక్కనే మునిగిపోవడానికి ఇదే కారణం. అందువల్ల దిగే చోటు చూసుకునే ముందు ఎక్కే చోటు చూసుకోవాలి. ఒకటి కాదు, రెండు. నీటిలో ఉన్నంతసేపూ ఆ రెండింటిలో ఒకదానికి పాతిక మీటర్ల లోపే ఉండాలి. స్విమ్మింగ్ పూల్ పొడవు సాధారణంగా అంతే ఉంటుంది కాబట్టి ఆ దూరం కంటికి అలవాటే.

ఎంత ఈత వస్తే దిగొచ్చు? మేం పెట్టే కొలత ఇది. పూల్‌లో ఆగకుండా 200 మీటర్లు, ఆ వెంటనే వెల్లకిలా పది నిమిషాలు తేలడం, ఇవి రెండూ నిక్కరు, టీషర్టు వేసుకుని. ఇంట్లో ఉండే బట్టలతోనే చేసి చూడండి, తడిసిన బట్ట బరువు తెలుస్తుంది. ఇది చేయలేనివాళ్లు లైఫ్ జాకెట్ లేకుండా మోకాలి లోతు దాటకూడదు. చేయగలిగినవాళ్లు కూడా లోయలో జాకెట్ వేసుకునే ఈదాలి. జీన్స్, చీర, చున్నీ, పట్టీల చెప్పులు వేసుకుని అసలు దిగకూడదు. మందు తాగినవాళ్లు దిగకూడదు. రాత్రంతా కారు నడిపి వచ్చిన డ్రైవరు నిద్ర పోకుండా నీళ్లలో దిగడం కూడా తాగి దిగినంత పనే, ఈ సంగతి ఎవరూ చెప్పరు. కుదిరితే గుంటూరు నుంచి గుంతకల్లు లైనులో రైలెక్కి నంద్యాలలో దిగండి, అక్కడి నుంచి జమ్మలమడుగుకు బస్సులూ ఉన్నాయి, ఎర్రగుంట్ల వైపు రైలు దారీ ఉంది.

మే నెల ఎండలో వెళ్లినవాళ్లకు ఇంకొకటి. కదలని లోతు నీళ్లలో ఎండ పైపైనే వేడెక్కిస్తుంది. మీదటి నాలుగైదు అడుగులు గోరువెచ్చగా ఉంటాయి, దాని కింద చల్లదనం ఒక్కసారిగా తగులుతుంది. పైనుంచి దూకిన మనిషి నేరుగా ఆ చల్లటి పొరలోకి వెళతాడు. అప్పుడు ఊపిరి మన మాట వినదు, గుక్కపెట్టి లోపలికి లాగుతుంది. నోరు నీటి కింద ఉన్న క్షణంలో అది జరిగితే అంతే. అందుకే ముందు మెడ, ముఖం, ఛాతీ తడుపుకుని, మెల్లగా నడుచుకుంటూ దిగాలి. ఉలిక్కిపడిన ఊపిరి ఒక్క నిమిషంలో సర్దుకుంటుంది. ఆ నిమిషం ఈదబోకుండా వెల్లకిలా తేలితే చాలు.

దూకడం గురించి లెక్కే చెబుతాం. అయిదు మీటర్ల ఎత్తు నుంచి దూకితే నీటిని తాకే వేళకు గంటకు సుమారు 36 కిలోమీటర్ల వేగం. పది మీటర్ల నుంచి దాదాపు 50. స్కూటర్ మీద ఆ వేగంతో వెళ్లి దేన్నైనా గుద్దుకుంటే ఏమవుతుందో అందరికీ తెలుసు. నీళ్లు తగినంత లోతు ఉంటేనే ఆ వేగం మెల్లగా తగ్గుతుంది, కింద రాయి ఉంటే మెడ ఎముకే విరుగుతుంది. లోయ నీళ్లు పచ్చగా, మసగ్గా ఉంటాయి, మూడడుగుల కింద ఏముందో పైనుంచి కనిపించదు. లోతు కొలిచి తాడు దించి చూడని చోట దూకకూడదు. కొలిచినా తల ముందు పెట్టి దూకకూడదు.

జాకెట్ సంగతి. అద్దెకిచ్చే చోట చేతికందింది వేసుకుని, బకిల్ ఒకటి పెట్టుకుని వదిలేస్తారు. అన్ని పట్టీలూ బిగించాక వెనక నుంచి ఒకరు జాకెట్ భుజాలు పట్టి పైకి లాగి చూడాలి. అది చెవుల దాకా లేచిందంటే వదులు, నీళ్లలో మీ తల పక్కన అది తేలుతుంది, మీరు కింద ఉంటారు. లోపలి ఫోమ్ నొక్కితే తిరిగి లేవాలి, పిండి అయిపోయి ముద్ద కట్టినది పనికిరాదు. చిన్నపిల్లలకు పెద్దవాళ్ల జాకెట్ వేయకూడదు, కాళ్ల మధ్య పట్టీ ఉన్నదే వేయాలి. 2017 నవంబరులో ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర పడవ బోల్తా పడి ఇరవైమందికి పైగా పోయినప్పుడు జాకెట్ గురించి ఊరంతా మాట్లాడుకుంది. ఇప్పుడు మళ్లీ ఒంటి మీద కన్నా పడవ అడుగునే ఎక్కువ కనిపిస్తున్నాయి.

ఎవరైనా మునుగుతుంటే అరుపులు వినిపిస్తాయని అనుకోవద్దు. మునిగే మనిషికి అరవడానికి ఊపిరి ఉండదు, చెయ్యి ఊపడానికి చెయ్యి రాదు. నీటి మీద నోరు పైకీ కిందికీ అవుతూ, మెట్లెక్కుతున్నట్టు నిలువుగా ఉంటాడు. ఒక నిమిషం లోపే అంతా అయిపోవచ్చు. ఆ మనిషి దగ్గరికి ఈదుకుంటూ వెళ్లడమే మన దగ్గర జరిగే పెద్ద పొరపాటు, ఒకడి కోసం ముగ్గురు పోయారన్న వార్తలన్నీ అలా వచ్చినవే. ముందు ఏదైనా అందించాలి, అందకపోతే విసరాలి. కారులో తప్పకుండా ఉండాల్సినవి రెండు. పదిహేను ఇరవై మీటర్ల తేలే తాడు, పాలీప్రొపిలీన్‌ది (నైలాన్ తాడు నీళ్లలో మునుగుతుంది). గట్టిగా బిగుసుకునే మర మూత ఉన్న ఖాళీ అయిదు లీటర్ల నూనె డబ్బాలు రెండు. నీళ్లలో మనిషి తల పైన ఉండటానికి అయిదారు కిలోల తేలుదల సరిపోతుంది, అయిదు లీటర్ల డబ్బా ఒక్కటే దాదాపు అయిదు కిలోలు మోస్తుంది. ఇళ్లలో వాడే ఇరవై లీటర్ల నీళ్ల క్యాను ఇంకా ఎక్కువ మోస్తుంది గానీ దాని నొక్కుడు మూత ఊడిపోతుంది, అందుకే మర మూత అంటున్నాం. డబ్బాలో గ్లాసెడు నీళ్లు పోస్తే విసరడానికి బరువు వస్తుంది, గాలికి పక్కకు పోదు. డబ్బా పిడికి తాడు కట్టి, మనిషి తల మీదుగా అవతలికి విసిరి, తాడు అతని భుజం మీద పడేలా లాగాలి. విసిరేవాడు నిలబడకూడదు, కూర్చుని కాలు రాయికి తన్నిపెట్టి లాగాలి, లేకపోతే తనే లోపలికి వెళతాడు.

బయటికి తీశాక జరిగేదీ మార్చుకోవాలి. బోర్లా పడేసి పొట్ట నొక్కడం, కాళ్లు పట్టుకుని తలకిందులుగా తిప్పడం మన ఊళ్లలో ఇంకా పోలేదు. పొట్టలో నీళ్లు ప్రాణం తీయవు. ఊపిరి అందకపోవడం తీస్తుంది. నొక్కితే పొట్టలోది ఊపిరితిత్తుల్లోకి వెళుతుంది. మనిషిని గట్టి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి, ఊపిరి లేకపోతే ముక్కు మూసి నోటితో ముందు అయిదు ఊదులు ఇవ్వాలి. ఆ తర్వాత ఛాతీ మధ్యలో అరచేతి మడమతో 30 నొక్కులు, 2 ఊదులు, అదే వరస. నొక్కు లోతు 5 నుంచి 6 సెంటీమీటర్లు, వేగం నిమిషానికి 100 నుంచి 120. ఒకరు అలసిపోతే రెండు నిమిషాలకొకసారి ఇంకొకరు మారాలి. ఈలోపు ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి. లోయ అడుగున సిగ్నల్ ఉండకపోవచ్చు, ఫోన్ పట్టుకుని పైకి పరుగెత్తేవాడెవరో దిగేముందే అనుకోవాలి. మనిషి లేచి కూర్చుని బాగానే ఉన్నానన్నా ఆస్పత్రికి తీసుకెళ్లాల్సిందే, దగ్గరిది జమ్మలమడుగు, పెద్దది ప్రొద్దుటూరు. ఊపిరితిత్తుల్లో చేరిన నీటి దెబ్బ కొన్ని గంటల తర్వాత బయటపడుతుంది.

బండల సంగతికి వద్దాం. మన వంటింటి గట్టు మీద వేసుకునే కడప బండ సున్నపురాయి. గండికోట లోయ గోడలు అది కాదు, క్వార్ట్‌జైట్. చాలా గట్టి రాయి, అడ్డంగా పొరలు, నిలువుగా పగుళ్లు. గోడ చూస్తే పెట్టెలు పేర్చినట్టు ఉంటుంది. రాయి గట్టిదే, పెట్టెకూ పెట్టెకూ మధ్య పట్టు గట్టిది కాదు. చేత్తో పట్టుకునే రాయిని ముందు పిడికిలితో తట్టి చూడాలి. డొల్ల చప్పుడు వస్తే లోపల ఖాళీ, దాని మీద బరువు వేయకూడదు. పట్టుకున్నదాన్ని బయటికి లాగకూడదు, కిందికి నొక్కాలి. ఒకరి కింద ఒకరు వరసగా ఎక్కకూడదు, పైవాడి కాలు తగిలిన రాయి కిందవాడి నెత్తిన పడుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, ఎక్కడం సులువు, దిగడం కష్టం. ఎక్కేటప్పుడు చేతులు కంటికి ఎదురుగా ఉంటాయి, దిగేటప్పుడు కాలు పెట్టే చోటు కనపడదు. తాడు లేకుండా ఎక్కేవాళ్లు తాము అంతే సులువుగా దిగగలిగినంత ఎత్తే ఎక్కాలి. సాధారణంగా అది మనిషి ఎత్తు దాటదు. సెల్ఫీ కోసం ఒక బండ దిగి ఇంకో బండ మీద కూర్చున్నవాళ్లు ఇరుక్కుపోయేది ఇలాగే, వెళ్లడం ఒక దూకు, రావడానికి పట్టే లేదు.

కోట గోడల మీద మాత్రం అస్సలు ఎక్కకూడదు. జామా మసీదు, రంగనాథ ఆలయం, మాధవరాయ ఆలయం, ధాన్యాగారం ఉన్న ఆ కోట పురావస్తు శాఖ రక్షణలోది. పాడుచేస్తే రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. శిక్ష మాట అటుంచి, సున్నం వదిలేసిన పాత గోడ రాయి మన బరువుకు ఊడి వస్తుంది, మనతోపాటు అయిదు వందల ఏళ్ల పనీ కింద పడుతుంది.

తాడుతో దిగే రాపెల్లింగ్ చేయించేవాళ్లు అక్కడ దొరుకుతారు. డబ్బు కట్టేముందు అయిదు నిమిషాలు నిలబడి చూడండి. తాడు ఎక్కడ కట్టారు? ఒక్క చెట్టుకో ఒక్క రాయికో కాదు, వేర్వేరు రెండు చోట్ల కట్టి ఒకచోట కలపాలి. ఆ రెండు కట్ల మధ్య కోణం 60 డిగ్రీల లోపు ఉంటే ఒక్కోదాని మీద పడేది బరువులో 58 శాతం మించదు. కోణం 120 డిగ్రీలకు వెళితే రెండింటి మీదా పూర్తి బరువు పడుతుంది, రెండు కట్టిన లాభం పోయినట్టే. బండ అంచు మీద తాడు నేరుగా రాసుకుంటోందా? క్వార్ట్‌జైట్ అంచు బ్లేడు లాంటిది, కింద మందపాటి కాన్వాసో పాత ఫైర్ హోస్ ముక్కో వేసి ఉండాలి. తాడు చివర ముడి ఉందా? లేకపోతే తాడు అయిపోయిన చోట మనిషి జారిపోతాడు. ప్రపంచమంతా అనుభవం ఉన్నవాళ్లు కూడా ఇలా పోయారు. దిగే తాడు కాక, పైనుంచి ఇంకొకరు పట్టుకునే రెండో తాడు ఉందా? కొత్తవాళ్లకు అది లేకుండా దింపకూడదు.

దిగే తాడు 10 లేదా 11 మిల్లీమీటర్ల సాగని తాడు కావాలి. ఎక్కేవాడిని పట్టుకునే తాడు సాగేది కావాలి, పడినప్పుడు దెబ్బను అది మింగుతుంది. ఈ రెండూ ఒకదాని బదులు ఒకటి పనిచేయవు. బోరు మోటారు దించే తాడు తెచ్చి కట్టేవాళ్లున్నారు, దానికి మనిషి పడినప్పటి కుదుపు లెక్క ఎవరూ కట్టలేదు. ఘర్షణకు కరిగే రకమూ అందులో ఉంది. హార్నెస్ (నడుముకూ తొడలకూ బిగించే పట్టీలు) మీద తయారైన తేదీ అడగండి, పదేళ్లు దాటినది, ఎండకు రంగు వెలిసినది, కుట్టు లేచినది వద్దు. కారాబినర్ (తాడునూ హార్నెస్‌నూ కలిపే లోహపు కొక్కెం) మీద 20 కిలోన్యూటన్లకు, అంటే దాదాపు రెండు టన్నుల లాగుడుకు, తగ్గని అంకె ఉండాలి, దాని మర తాళం వేశాక ఇంకొకరు నొక్కి చూడాలి. హెల్మెట్ కొండెక్కేదే కావాలి, గడ్డం పట్టీ బిగించి ఉండాలి. ఆడపిల్లల జడ, చున్నీ, మెడలో గొలుసు, మగపిల్లల హుడీ తాళ్లు దిగే వేగం తగ్గించడానికి తాడు చుట్టే ఎనిమిది అంకె ఆకారపు దిగుడు ఇనుములో ఇరుక్కుంటాయి. జడను ముడివేసి హెల్మెట్ లోపలికి తోసుకోవాలి. ఈ ప్రశ్నలకు నిర్వాహకుడు చిరాకు పడితే డబ్బు జేబులో పెట్టుకుని వచ్చేయండి. నేర్చుకోవాలనే పట్టు ఉన్నవాళ్లకు భువనగిరి కొండ ఉంది, 2014లో పదమూడేళ్ల వయసులో ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ మొదటి పాఠాలు ఆ రాతి మీదే. ఒక వారం అక్కడ నేర్చుకుని గండికోటకు వెళితే చూసే కళ్లే మారిపోతాయి.

ఆ గోడల్లో కొండ తేనెపట్లు ఉంటాయి. పొగ, సెంటు వాసన, డ్రోన్ మోత, పట్టు మీద పడిన రాయి, ఇవి వాటిని లేపుతాయి. లేస్తే చేతులు ఊపకుండా తలా ముఖమూ కప్పుకుని నేరుగా కారులోకో, జిప్పు వేసిన టెంటులోకో పరుగెత్తాలి. నీళ్లలో దూకితే అవి పైనే తిరుగుతూ కాచుకుంటాయి. లోయ అంచున ఉన్నప్పుడు ఏ దిక్కుకు పరుగెత్తాలో ముందే తెలిసి ఉండాలి, తేనెటీగలు కుట్టడం కన్నా భయంతో అంచు దాటడం ఎక్కువ ప్రమాదం.

రాత్రి మకాం. పగలు మూడు గంటలకల్లా చేరాలి. చలికాలంలో ఆరయ్యేసరికి చీకటి పడుతుంది, అంచు ఎక్కడుందో కంటితో చూడకుండా టెంటు వేయకూడదు. అంచుకు కనీసం వంద అడుగుల దూరం. టెంటు వాకిలి అంచుకు ఎదురుగా కాక అవతలి వైపు తిప్పి ఉంచాలి. రాత్రి రెండింటికి నిద్ర మత్తులో మూత్రానికి లేచిన మనిషి వాకిలి ఎటుంటే అటే నడుస్తాడు, అందుకే మరుగు కోసం వెళ్లే దారి కూడా పగలే అంచుకు వ్యతిరేక దిశలో నిర్ణయించి, ఆ దారిలో నాలుగు చోట్ల తెల్లబట్ట పేలికలు కట్టాలి. ఫోన్ లైటు చేత్తో పట్టుకునేది, తల మీద కట్టుకునే లైటు తీసుకెళితే రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. అక్కడ నేల రాయి, టెంటు మేకులు దిగవు. వాటిని ఎంత కొట్టినా వంగిపోతాయి. మేకు బదులు తలకాయంత రాయికి తాడు చుట్టి, దాని మీద ఇంకో రాయి పెట్టాలి. సాయంత్రం లోయ నుంచి గాలి లేస్తుంది, బిగించని టెంటు మనిషితో సహా దొర్లుతుంది.

నీళ్లు మనిషికి రోజుకు అయిదు లీటర్లు తాగడానికే, వంటకూ కడుక్కోవడానికీ వేరే. ఎండలో ఒళ్లు తూలితే లీటరు నీళ్లలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి కొద్దికొద్దిగా తాగించాలి. అన్నం కట్టుకెళితే చింతపండు పులిహోర రాత్రి దాకా నిలుస్తుంది, పప్పన్నం మధ్యాహ్నానికే పులుస్తుంది. గ్యాసు పొయ్యి గానీ బొగ్గుల కుంపటి గానీ టెంటు లోపల వెలిగించకూడదు. దాని విషవాయువుకు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. ఫిబ్రవరి తర్వాత గడ్డి ఎండి ఉంటుంది, బయట మంట కూడా వద్దు.

నేల మీద దుప్పటి పరుచుకుని పడుకునే సరదా మానాలి. కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది, నిద్రలో ఉన్నవాళ్లనే కాటేస్తుంది, నొప్పీ వాపూ పెద్దగా ఉండవు. తెల్లారేసరికి కనురెప్పలు వాలిపోయి, మాట తడబడి, ఊపిరి ఆగే దాకా వస్తుంది. టెంటు జిప్పు పూర్తిగా వేయాలి, బూట్లు లోపలే ఉంచి పొద్దున దులిపి వేసుకోవాలి, తేళ్లు వాటిలోనే దూరతాయి. కాటు పడితే తాడు బిగించి కట్టకూడదు, కోయకూడదు, పీల్చకూడదు, పాము కోసం వెతుకుతూ కూర్చోకూడదు. ఉంగరం, గాజులు తీసేసి, కాటు పడిన అవయవాన్ని కర్ర కట్టి కదలకుండా చేసి, మనిషిని నడిపించకుండా మోసుకుని కారెక్కించాలి. మందు ఆస్పత్రిలోనే ఉంది.

ఏప్రిల్, మే సాయంత్రాల్లోనూ సెప్టెంబరు, అక్టోబరుల్లోనూ పిడుగులు ఎక్కువ. ఆ చదునైన మిట్ట మీద నిలబడ్డ మనిషే ఎత్తయిన వస్తువు. మెరుపుకూ ఉరుముకూ మధ్య ముప్పై లెక్క పెట్టేలోపే ఉరిమితే కారులోకి వెళ్లి అద్దాలు ఎత్తుకోవాలి, చివరి ఉరుము తర్వాత అరగంట దాకా బయటికి రాకూడదు. చెట్టు కిందా, మండపం అంచునా, టెంటులోనూ రక్షణ లేదు. పుణెలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ (ఐఐటీఎం) తయారుచేసిన దామిని యాప్ ఫోన్లో ఉంటే చుట్టుపక్కల పడుతున్న పిడుగులు కనిపిస్తాయి.

ఎత్తిపోతలకు వెళ్లే పల్నాటి దారి పట్టేవాళ్లకు ఒక్క మాటే. అక్కడ మొసళ్ల పెంపక కేంద్రం ఉంది, చంద్రవంకలో ఈత అన్న ఆలోచనే వద్దు.

ఇప్పుడు మీ చేతిలో ఉన్నవి చెబుతాం. మొదటిది, నవంబరు నుంచి మే దాకా ప్రతి శుక్రవారం విజయవాడ, గుంటూరు ఎడిషన్లలో గండికోట, మైలవరం జలాశయాల నీటిమట్టం, వదులుతున్న క్యూసెక్కులు, వాతావరణ కేంద్రం రెండు రోజుల సూచన ఒక చిన్న పెట్టెలో వేయండి. శ్రీశైలం పక్కన ఇంకో రెండు వరసలు.

రెండోది, ప్రాణాలు పోయిన వార్త రాసేటప్పుడు ‘విహారయాత్రలో విషాదం’ దగ్గర ఆగకండి. ఎన్ని అడుగుల నీళ్లు, ఒంటి మీద ఏ బట్టలు, జాకెట్ ఉందా, ఎంత దూరంలో పైకెక్కే చోటుంది, ఎవరు ఏం విసిరారు, ఎన్ని నిమిషాలకు బయటికి తీశారు, ఊపిరి పోశారా పొట్ట నొక్కారా, ఇవి మీ విలేకరి అడిగితే చెప్పేవాళ్లు అక్కడే ఉంటారు. కుటుంబం పేరు, ఏడుస్తున్న తల్లి ఫొటో లేకపోయినా పాఠకుడికి నష్టం లేదు. ఈ వివరాలు లేకపోతే వచ్చే వారం ఇంకో కారు అదే బండ దగ్గర ఆగుతుంది.

మూడోది, పర్యాటక శాఖను మీ పేజీలో అడగండి. లోయలోకి దిగే దారి చివర లోతు అంకెలు రాసిన స్తంభం, నీటి మట్టం ఎంత మారినా అందేటట్టు బండకు బిగించిన ఇనుప నిచ్చెనలు రెండు, కొక్కేనికి వేలాడే లైఫ్ బోయ్‌లు (మునిగేవాళ్లకు విసిరే తేలే చక్రాలు), పైన ఒక సైరన్, నీళ్లు వదిలే అరగంట ముందు అది మోగించే పద్ధతి. దీనికి పెద్ద ప్రాజెక్టు అక్కర్లేదు. మన పుష్కర ఘాట్ల దగ్గర గొలుసులు, స్తంభాలు పాతిన పనివాళ్లే ఇదీ చేయగలరు. సెలవు రోజుల్లో జీతమిచ్చి ఇద్దరు గజ ఈతగాళ్లను పెట్టాలి. ఆ ఊళ్లోనే లోయను చిన్నప్పటి నుంచి ఈదినవాళ్లున్నారు, శవాలు తీయడానికి మాత్రం వాళ్లనే పిలుస్తున్నారు.

ఇట్లు,
ఈత, కొండెక్కడం నేర్పే మిత్రబృందం,
గుంటూరు.